రాణిగారి పేషీలో ఒక రాయబారి: రాబిన్ జాన్‌వ్రిన్ చేసిన ఉద్యోగం అసలేమిటి?

బ్రిటన్ రాజకుటుంబం వార్తల్లోకెక్కిన ప్రతిసారీ మన పేపర్లలో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "ప్యాలెస్ వర్గాలు తెలిపాయి." ఎవరీ వర్గాలు? వాళ్ళ పెళ్ళిళ్ళు, విడాకులు, బిరుదుల గొడవలు మనకు కంఠతా వచ్చేశాయి గానీ, ఆ మాటను బయటికి మోసుకొచ్చే మనుషుల పేర్లు అడిగితే ఒక్కటీ గుర్తురాదు. తప్పు మనది కాదు. పేరు తెలియకుండా ఉండటమే వాళ్ళ ఉద్యోగంలో సగం. డయానా కాలంలో లండన్ పత్రికలు వీళ్ళను "గ్రే సూట్లవాళ్ళు" అనేవి. ఎవరు ఎవరో పోల్చుకోలేనంతగా అందరిదీ ఒకటే రంగు.

అలాంటి సూటు వేసుకుని ఇరవై ఏళ్ళు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పనిచేసిన మనిషి రాబిన్ జాన్‌వ్రిన్. నావికాదళంలో మొదలుపెట్టి, విదేశాంగ శాఖలోకి వచ్చి, ఢిల్లీలో దౌత్యవేత్తగా ఉండి, 1987లో రాణి రెండో ఎలిజబెత్ కొలువులో చేరారు. 1999 నుంచి 2007 దాకా ఆమెకు ప్రైవేట్ సెక్రటరీ. డయానా చనిపోయిన రాత్రి బాల్మోరల్‌లో ఫోన్ అందుకున్నది ఈయనే. ఆయన దారి వెంట నడిస్తే ఆ ఉద్యోగం ఏమిటో, దాని గురించి రాజ్యాంగ పండితులు ఇప్పటికీ ఎందుకు వాదించుకుంటున్నారో కొంత అర్థమవుతుంది.

పీఏ కాదు, పేషీకి పెద్ద

ప్రైవేట్ సెక్రటరీ అనగానే మనకు ఎమ్మెల్యేగారి పీఏ గుర్తొస్తాడు. ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, సిఫారసు ఉత్తరం టైపు చేయించడం. ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టాలి. దీనికి దగ్గరగా వచ్చే మాట మన సచివాలయాల్లోనే ఉంది: పేషీ. "సీఎం పేషీ నుంచి ఫోన్" అంటే దాని బరువెంతో ఏ ఆఫీసర్‌నడిగినా చెబుతాడు. రాణిగారి పేషీకి పెద్ద ఈ ప్రైవేట్ సెక్రటరీ.

ప్యాలెస్‌లో పెద్ద పదవులు ఇంకా ఉన్నాయి. వేడుకలకూ మొత్తం సిబ్బందికీ పెద్ద లార్డ్ చాంబర్లిన్. డబ్బు లెక్కలు చూసేది ప్రివీ పర్స్ కీపర్. విందులు, వంటశాల, ఇంటి నిర్వహణ ఇంకొకరివి. ప్రైవేట్ సెక్రటరీ వాటా రాజ్యాంగం. ప్రభుత్వానికీ సింహాసనానికీ మధ్య నడిచే కాగితం, మాట, కబురు అన్నీ ఆయన బల్ల మీదుగానే వెళ్ళాలి. మంత్రిత్వ శాఖల నుంచి వచ్చే ఫైళ్ళు ఎర్రటి తోలు పెట్టెల్లో రాణి దగ్గరికి చేరేవి. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ తప్ప ఆ పెట్టెలకు సెలవు లేదు. ఏ కాగితం పైన ఉండాలి, దేనికి చిన్న నోట్ జతచేయాలి అనేది ఈ పేషీ పని.

ప్రధానమంత్రి వారానికోసారి రాజునో రాణినో కలుస్తారు. ఆ గదిలో మూడో మనిషి ఉండరు, ఎవరూ నోట్స్ రాసుకోరు. మరి ఏ విషయాలు మాట్లాడుకోవాలి? దాన్ని ముందే ప్రధాని ఆఫీసులోని ప్రిన్సిపల్ ప్రైవేట్ సెక్రటరీ, ప్యాలెస్‌లోని ప్రైవేట్ సెక్రటరీ ఫోన్లో అనుకుంటారు. ఈ ఇద్దరికీ క్యాబినెట్ సెక్రటరీ తోడైతే దాన్ని లండన్‌లో "బంగారు త్రికోణం" అంటారు. పేరు గొప్పగా ఉంది గానీ పని మామూలే. ముగ్గురు అధికారులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, తమ పెద్దవాళ్ళు ఇరకాటంలో పడకుండా చూసుకోవడం.

ఈ పదవి పుట్టుకలోనే ఒక అనుమానం ఉంది. 1805లో మూడో జార్జి రాజుకు చూపు మందగించింది. కాగితాలు చదివి వినిపించడానికి, జవాబులు రాయడానికి హెర్బర్ట్ టేలర్ అనే సైనికాధికారిని పెట్టుకున్నారు. అప్పటిదాకా రాజుకు మంత్రులే కార్యదర్శులు అన్నది లెక్క. మంత్రులు కానివాళ్ళు, పార్లమెంటుకు జవాబు చెప్పనవసరం లేనివాళ్ళు రాజ్య రహస్యాలు చదవొచ్చా అన్న గొణుగుడు అప్పుడే మొదలైంది. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా వాదన తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

'సలహా' అంటే వినకపోతే కుదరని మాట

ముందుకు వెళ్ళేముందు ఒక పదాన్ని విప్పాలి. రాజ్యాంగ భాషలో సలహా అంటే మనం మామూలుగా ఇచ్చుకునే సలహా కాదు. ప్రధానమంత్రి "సలహా" ఇస్తే రాజైనా రాణైనా పాటించాలి, అంతే. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలన్న సూత్రం అక్కడి నుంచి వచ్చిందే. సింహాసనానికి మిగిలేవి మూడు హక్కులని వాల్టర్ బాజట్ 1867లో చెప్పిన మాటనే ఇప్పటికీ అందరూ తిరగేస్తారు: తనను సంప్రదించాలని కోరే హక్కు, ప్రోత్సహించే హక్కు, హెచ్చరించే హక్కు.

ఈ సూత్రంలో ఒక చిల్లు ఉంది. ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే? ప్రధాని హఠాత్తుగా చనిపోతే? అప్పుడు సలహా ఇవ్వడానికి సరైన మనిషే ఉండరు. లేదా సలహా ఇచ్చేవాళ్ళ అధికారమే అనుమానంలో ఉంటుంది. ఆ ఖాళీలో సింహాసనానికి సొంతంగా మిగిలినవాటిని రిజర్వ్ అధికారాలు అంటారు. ప్రైవేట్ సెక్రటరీ పదవికి ప్రాణం ఉన్నది ఆ ఖాళీలోనే. మిగతా రోజుల్లో ఆయన కాగితాలు సర్దే మనిషి. ఆ నాలుగైదు రోజుల్లో మాత్రం సింహాసనం చెవి దగ్గర నిలబడిన ఒకే ఒక్క మనిషి.

ఓడ మీది నుంచి ఢిల్లీ దాకా

జాన్‌వ్రిన్ 1946లో పుట్టారు. తండ్రి నావికాదళంలో వైస్ అడ్మిరల్. మార్ల్‌బరో కాలేజీలో బడి చదువు, 1964లో నావికాదళం, మధ్యలో ఆక్స్‌ఫర్డ్. 1975లో యూనిఫాం వదిలేసి విదేశాంగ శాఖలో చేరారు. నాటోలో బ్రిటన్ బృందంలో కొంతకాలం పనిచేసి, 1981లో ఢిల్లీకి ఫస్ట్ సెక్రటరీగా వచ్చారు. 1984 దాకా ఇక్కడే.

బ్రిటన్‌కు ఢిల్లీలో ఉన్నది ఎంబసీ కాదు, హైకమిషన్. కామన్‌వెల్త్ దేశాలు ఒకదానిలో ఒకటి పెట్టుకునే రాయబార కార్యాలయాన్ని అలా పిలుస్తారు. పేరు తేడానే తప్ప పని ఒకటే. జాన్‌వ్రిన్ అక్కడున్న కాలంలోనే, 1983 నవంబర్‌లో, కామన్‌వెల్త్ ప్రభుత్వాధినేతల సదస్సు ఢిల్లీలో జరిగింది. రాణి ఆ సందర్భంగా భారత్‌కు వచ్చారు. హైదరాబాద్‌కూ వచ్చారు. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. నవంబర్ 20న ఆమె పెళ్ళిరోజు. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి భర్తతో కలిసి వెళ్ళి ప్రార్థనలో కూర్చున్నారు. 1847లో కట్టిన ఆ చర్చి గురించి మాట్లాడితే సికింద్రాబాద్ పాతకాపులు ఇప్పటికీ ఆ ఆదివారాన్నే ముందు చెబుతారు. ఆ పెళ్ళికి, అంటే 1947లో, నిజాం ఇచ్చిన వజ్రాల హారం రాణి నగల పెట్టెలో ఉండనే ఉంది. కార్టియే దుకాణంలో నచ్చింది ఎంచుకోమని కబురు పెట్టి ఇప్పించిన బహుమతి అది.

ఒక రాణి పర్యటన అంటే హైకమిషన్‌కు నెలల తరబడి టెన్షన్. కారు ఏ గుమ్మం ముందు ఆగాలి, ఎవరు ఎవరికి ముందు చేయి కలపాలి, ప్రసంగంలో ఏ వాక్యం ఎవరికి గుచ్చుకుంటుంది, ఫొటోలో వెనక గోడ మీద ఏముంటుంది. దౌత్యవేత్త రోజువారీ పని అదే. ప్యాలెస్ ఉద్యోగం కూడా దాదాపు అదే. విదేశాంగ శాఖ నుంచి ప్యాలెస్‌కు మనుషులు వెళ్ళడం అందుకే వింతగా అనిపించదు. నా లెక్కలో మాత్రం అసలు పోలిక కారులోనో చేయి కలపడంలోనో లేదు. దానికి గ్రెనడా కథ కావాలి.

ఒకే రాణి, బోలెడు కిరీటాలు

ఢిల్లీ సదస్సుకు నెల రోజుల ముందు, 1983 అక్టోబర్ 25న, అమెరికా సైన్యం కరీబియన్ దీవి గ్రెనడాలో దిగింది. అంతకు వారం ముందే అక్కడి ప్రధాని మారిస్ బిషప్‌ను సొంత పార్టీ వర్గమే కూలదోసి చంపేసింది. ఇంతకీ గ్రెనడాకు దేశాధినేత ఎవరు? రాణి ఎలిజబెతే. బ్రిటన్ రాణి హోదాలో కాదు, "గ్రెనడా రాణి" హోదాలో. అక్కడ ఆమె ప్రతినిధి గవర్నర్ జనరల్ పాల్ స్కూన్. అమెరికా జోక్యానికి ఆయన అభ్యర్థనను ఒక ఆధారంగా చూపించారు. ఇటు బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ మాత్రం తనను సరిగ్గా సంప్రదించకుండానే దాడి చేశారని అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద మండిపడ్డారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకే మనిషి. బ్రిటన్ రాణిగా ఆమె ప్రభుత్వం దాడిని వద్దంది. గ్రెనడా రాణిగా ఆమె ప్రతినిధి సాయం కోరారు. జమైకా, బార్బడోస్ దేశాలకూ ఆమే రాణి, ఆ దేశాలు అమెరికాతో కలిసి బలగాలు పంపాయి. ఏ కిరీటం పెట్టుకుని ఏం మాట్లాడాలి? అప్పుడు ఒకటే దారి: బహిరంగంగా ఏమీ అనకుండా ఉండి, ప్రతి దేశానికీ దాని మంత్రుల ద్వారానే జవాబివ్వడం. జాన్‌వ్రిన్ ప్రైవేట్ సెక్రటరీగా ఉన్న కాలానికి ఆమె పదహారు దేశాలకు రాణి. ఆ పదహారింటిలో బ్రిటన్ తప్ప మిగతా దేశాలతో ప్యాలెస్ ఉత్తరాలు నడిచేది నేరుగా ప్రైవేట్ సెక్రటరీ పేషీ నుంచే, బ్రిటన్ మంత్రులను దాటి. అందుకే ఆ కుర్చీకి విదేశాంగ శాఖలో నలిగిన మనిషి పనికొస్తాడు. ఒకే నోటితో పదహారు ప్రభుత్వాల మాట పలకాలి, ఏదీ ఇంకోదాన్ని కొట్టేయకూడదు.

1999 నవంబర్ 6న ఆస్ట్రేలియాలో రాణిని తీసేసి రిపబ్లిక్ కావాలా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. దాదాపు 55 శాతం వద్దన్నారు. ప్యాలెస్ అంతకుముందు నోరు మెదపలేదు, ఆ తర్వాత గెలిచినట్టు మాట్లాడలేదు. నాలుగు నెలలకు, 2000 మార్చిలో, సిడ్నీలో రాణి మాట్లాడుతూ రాచరికం భవిష్యత్తు ఆస్ట్రేలియా ప్రజలు మాత్రమే తేల్చుకోవాల్సిన విషయమని స్పష్టంగా చెప్పారు. ఓటు గెలిచిన పక్షం నోటి నుంచి వచ్చిన మాట అది. ఇలాంటి ప్రసంగాల ముసాయిదాలు నడిచే దారి ప్రైవేట్ సెక్రటరీ బల్ల మీదుగానే, అప్పుడు ఆ బల్ల జాన్‌వ్రిన్‌ది.

ప్రెస్ సెక్రటరీ కుర్చీలో ముందు కూర్చున్నాయన

జాన్‌వ్రిన్ ప్యాలెస్‌లోకి వచ్చింది ప్రెస్ సెక్రటరీగా. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్న మైకేల్ షే కూడా మాజీ దౌత్యవేత్తే. 1986 జులైలో సండే టైమ్స్ పెద్ద బాంబు పేల్చింది. దక్షిణాఫ్రికా మీద ఆంక్షల విషయంలో, దేశంలోపలి సమస్యల విషయంలో థాచర్ తీరు రాణికి నచ్చడం లేదని, ఆమె బాధపడుతున్నారని ఆ కథనం. కాసేపటికే ఆ మాటలకు మూలం షే అని బయటపడింది. తాను అలా అనలేదని, తన మాటలను సాగదీశారని ఆయన. అప్పటి ప్రైవేట్ సెక్రటరీ విలియం హెసెల్టైన్ స్వయంగా టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి, రాణికీ ప్రధానికీ మధ్య నడిచే మాటలు బయటికి చెప్పే హక్కు ఎవరికీ లేదన్నంత పని చేశారు. మరుసటి ఏడాది షే వెళ్ళిపోయారు, ఆ గొడవ వల్ల మాత్రం కాదని ఆయన చెప్పుకున్నారు.

నిజంగా రాణికి కోపం వచ్చిందా లేదా అన్నది ఇక్కడ చిన్న విషయం. ఆమె అభిప్రాయం ఫలానా అని ఒక ఉద్యోగి నోట బయటపడితే చాలు, ఎన్నికైన ప్రధాని ఒకవైపు, వంశపారంపర్య రాణి ఒకవైపు నిలబడినట్టు అవుతుంది. రాయబారి చెప్పమన్నది చెప్పాలి, తన ఊహను కలపకూడదు. మనవాళ్ళకు సంజయ రాయబారం తెలుసు. ధృతరాష్ట్రుడు ఏం చెప్పమన్నాడో సంజయుడు అది చెప్పాడు, ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త మాటలే చెప్పాడు. విని తిట్టుకున్నవాళ్ళు కూడా సంజయుడిని తిట్టలేదు.

1997 ఆగస్టు 31, అర్ధరాత్రి

జాన్‌వ్రిన్ 1990లో అసిస్టెంట్ ప్రైవేట్ సెక్రటరీ, 1996లో డిప్యూటీ. ఒక్కో మెట్టే ఎక్కారు. 1992లో విండ్సర్ కోట తగలబడింది, పిల్లల కాపురాలు కూలాయి. రాణి ఆ ఏడాదిని భయంకరమైన ఏడాది అని గిల్డ్‌హాల్ సభలో లాటిన్ మాటలో చెప్పారు. ఆదాయపు పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. జాన్‌వ్రిన్ ఇవన్నీ రెండో వరసలో నిలబడి చూశారు.

పారిస్‌లో కారు ప్రమాదం జరిగేసరికి రాజకుటుంబం స్కాట్లాండ్‌లోని బాల్మోరల్‌లో వేసవి సెలవుల్లో ఉంది. డ్యూటీలో ఉన్నది డిప్యూటీ ప్రైవేట్ సెక్రటరీ జాన్‌వ్రిన్. పారిస్‌లోని బ్రిటన్ రాయబార కార్యాలయం నుంచి రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఆయనకు ఫోన్. ప్రమాదం జరిగింది, డయానా వెంట ఉన్న స్నేహితుడు డోడీ ఫాయెద్ పోయారు, డయానాకు గాయాలయ్యాయి. అప్పటికి తెలిసింది అంతే. రాణినీ చార్లెస్‌నూ నిద్రలేపి చెప్పింది ఆయనే. కొన్ని గంటల్లో రెండో ఫోన్: ఆమె కూడా లేరు. కొడుకులు పదిహేనేళ్ళ విలియం, పన్నెండేళ్ళ హ్యారీ అదే ఇంట్లో నిద్రపోతున్నారు.

ఇంకో మెలిక. అప్పటి ప్రైవేట్ సెక్రటరీ రాబర్ట్ ఫెలోస్ డయానా అక్క భర్త. అంటే పేషీకి పెద్ద ఆ రోజు సొంతంగా చావు జరిగిన ఇంటి మనిషి కూడా. లండన్‌లో ఆయన, బాల్మోరల్‌లో జాన్‌వ్రిన్, మధ్యలో డౌనింగ్ స్ట్రీట్‌లో ప్రధాని టోనీ బ్లెయిర్ మనుషులు. ఆ వారమంతా ఫోన్ల మీద నడిచింది.

జనం కోపమంతా ఒక జెండా కర్ర చుట్టూ పోగైంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద ఎగిరేది రాణి సొంత జెండా, రాయల్ స్టాండర్డ్. ఆమె లోపల ఉంటేనే ఎగురుతుంది, లేకపోతే కర్ర ఖాళీ. దాన్ని ఎప్పుడూ సగానికి దించరు. ఒక రాజు పోతే ఆ క్షణమే ఇంకొకరు రాజవుతారు కాబట్టి సింహాసనానికి చావు లేదన్నది లెక్క. రూల్ ప్రకారం అంతా సక్రమం. వీధిలో పూలు పట్టుకుని నిలబడినవాళ్ళకు మాత్రం కనిపించింది ఒకటే: దేశమంతా జెండాలు దించింది, డయానా అత్తగారింటి మీద అసలు జెండానే లేదు. పేపర్లు దుమ్మెత్తిపోశాయి. చివరికి సెప్టెంబర్ 5న రాణి టీవీలో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడారు. రాణిగానే కాక ఒక నానమ్మగా మాట్లాడుతున్నానన్న మాట అందులో ఉంది. ఆ మాట చేర్చింది బ్లెయిర్ వైపువాళ్ళని అంటారు. మర్నాడు అంత్యక్రియలకు ఆమె బయల్దేరగానే ప్యాలెస్ మీద యూనియన్ జెండా సగానికి దించి ఎగిరింది. ఆమె లేనప్పుడు యూనియన్ జెండా ఎగరేయడం ఆ తర్వాత మామూలైపోయింది.

దీన్ని ఎలా చదవాలి అన్న దగ్గర రెండు దారులున్నాయి. ప్యాలెస్ మనుషులు రూల్ పుస్తకం పట్టుకుని జనం నాడి పట్టుకోలేకపోయారన్నది ఒకటి. తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల దగ్గర నానమ్మ ఉండటమే సరైన పని, దాన్ని పత్రికలు వక్రీకరించాయన్నది రెండోది. ప్యాలెస్ మాత్రం మొదటి విమర్శను సీరియస్‌గానే తీసుకుంది. 1998లో బ్రిటిష్ గ్యాస్ మాతృసంస్థ సెంట్రికా నుంచి సైమన్ లూయిస్‌ను తెచ్చి కమ్యూనికేషన్స్ సెక్రటరీ అనే కొత్త పదవిలో కూర్చోబెట్టారు. అదే ఏడాది రాణి ఒక మెక్‌డొనాల్డ్స్ దగ్గర కూడా ఆగారు. లోపల తినలేదు లెండి.

డయానా పోయిన నెలన్నరకే, 1997 అక్టోబర్‌లో, రాణి మళ్ళీ భారత్‌కు వచ్చారు, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళ సందర్భంగా. జలియన్‌వాలాబాగ్‌లో పుష్పగుచ్ఛం ఉంచారు. అంతకు ముందురోజు రాత్రి ఢిల్లీ విందులో, మన గతంలో కష్టమైన ఘట్టాలు ఉన్నాయని, జలియన్‌వాలాబాగ్ బాధాకరమైన ఉదాహరణ అని, అయితే చరిత్రను తిరగరాయలేమని అన్నారు. "క్షమించండి" అన్న పదం లేదు. విదేశీ పర్యటనలో రాణి ప్రసంగం ప్రభుత్వ సలహా మీదే నడిచేది, కాబట్టి ఆ పదం పెట్టాలా వద్దా అన్నది విదేశాంగ శాఖ నిర్ణయం. తిట్లు మాత్రం చదివిన మనిషికి. (అదే పర్యటనలో ఆమె చెన్నై వెళ్ళి కమల్ హాసన్ సినిమా ప్రారంభోత్సవానికి హాజరవడం మనవాళ్ళకు ఇంతకంటే బాగా గుర్తుంది.)

పోస్ట్‌మేనా, గుమ్మం దగ్గర కూర్చున్నాయనా?

ఇప్పుడు అసలు చిక్కు. ప్రైవేట్ సెక్రటరీ ఒట్టి ఉత్తరాలు అందించే మనిషి అని ఒక వాదన. ఎవరిని లోపలికి పంపాలో తేల్చే మనిషి అని ఇంకొకటి.

1923లో ప్రధాని బోనర్ లా జబ్బుతో దిగిపోయారు. పోటీలో ఇద్దరు: మనకు బెంగాల్ విభజనతో బాగా తెలిసిన కర్జన్, ఇంకొకరు స్టాన్లీ బాల్డ్విన్. అయిదో జార్జి రాజు ప్రైవేట్ సెక్రటరీ స్టామ్‌ఫర్డ్‌హామ్ సీనియర్ నాయకుల అభిప్రాయాలు సేకరించారు. ఊళ్ళో ఉన్న కర్జన్‌కు లండన్ రమ్మని టెలిగ్రామ్ కొట్టారు. ప్రధాని పదవి ఖాయమనుకుని కర్జన్ రైలెక్కారు. ఇంటికొచ్చి స్టామ్‌ఫర్డ్‌హామ్ చెప్పింది వేరు: రాజు బాల్డ్విన్‌ను పిలుస్తున్నారు. నిర్ణయం రాజుదే. రాజు ముందుకు ఎవరి అభిప్రాయాలు ఏ వరసలో వెళ్ళాయన్నది సెక్రటరీ చేతిలో పని.

1950లో ఇంకో దృశ్యం. ఎన్నికల్లో లేబర్ పార్టీకి అతి చిన్న మెజారిటీ వచ్చింది. ప్రధాని మళ్ళీ ఎన్నికలు కోరితే రాజు కాదనొచ్చా అన్న చర్చ టైమ్స్ పత్రికలో నడుస్తోంది. "సెనెక్స్" అనే మారుపేరుతో ఒక ఉత్తరం వచ్చింది. లాటిన్‌లో ముసలాయన అని అర్థం. ఉన్న పార్లమెంటు ఇంకా పనిచేయగలిగితే, ఎన్నికలు దేశ ఆర్థిక స్థితికి చేటు చేస్తాయనుకుంటే, సరిపడా కాలం ప్రభుత్వం నడపగల వేరే ప్రధాని దొరుకుతారనుకుంటే రాజు కాదనొచ్చని ఆ ఉత్తరం సారాంశం. రాసింది రాజుగారి ప్రైవేట్ సెక్రటరీ అలన్ లాసెల్స్! చట్టంలో ఎక్కడా లేని సూత్రం, మారుపేరుతో పేపర్‌కు రాసిన ఉత్తరం వల్ల రాజ్యాంగ పాఠంలోకి ఎక్కింది. పోస్ట్‌మేన్ వాదనకు ఇది కొంచెం ఇబ్బందే.

అన్నిటికన్నా ఘాటైనది ఆస్ట్రేలియా. 1975 నవంబర్ 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఎన్నికైన ప్రధాని విట్లమ్‌ను తీసేశారు. అంతకుముందు నెలల తరబడి కెర్‌కూ రాణి ప్రైవేట్ సెక్రటరీ మార్టిన్ చార్టెరిస్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. చరిత్రకారిణి జెన్నీ హాకింగ్ హైకోర్టు దాకా పోరాడాక 2020 జులైలో అవి బయటపడ్డాయి. రిజర్వ్ అధికారాలు ఉన్నాయని, కాకపోతే వేరే దారే లేదని తేలాకే వాడాలని చార్టెరిస్ రాశారు. తీసేశాక కెర్ రాసిన ఉత్తరంలో, రాణికి ముందుగా తెలియకుండా ఉండటమే మంచిదని తానే అలా చేశానని ఉంది. ఈ రెండు ఉత్తరాలు చదివి ఒక పక్షం "చూశారా, ప్యాలెస్‌కు సంబంధమే లేదు" అంటుంది. రెండో పక్షం "అంతకాలం అలాంటి అధికారం ఉందని చర్చించడమే ధైర్యం ఇవ్వడం కాదా" అంటుంది. నాకు రెండో ప్రశ్న కొట్టేయదగ్గదిగా అనిపించదు. ఊరుకున్నా అది జవాబుగానే చెల్లే చోటు అది.

తెలుగువాళ్ళకు ఈ భయం కొత్తేమీ కాదు. రాణి హైదరాబాద్ వచ్చి వెళ్ళిన తొమ్మిది నెలలకే, 1984 ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తీసేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్ళీ గద్దెనెక్కారు. గవర్నర్ విచక్షణాధికారం అన్న మాట కూడా ఆ బ్రిటిష్ రిజర్వ్ అధికారాలనే గుర్తుచేస్తుంది.

సాఫీగా నడిచిన కేసు చూడాలంటే బ్రిటన్‌లో 2010 ఎన్నికలు. మొత్తం 650 సీట్లు, మెజారిటీకి 326. కన్సర్వేటివ్‌లు 306, లేబర్ 258, లిబరల్ డెమోక్రాట్లు 57. లేబర్, లిబరల్ కలిసినా 315, చాలదు. కన్సర్వేటివ్, లిబరల్ కలిస్తే 363. అయిదు రోజుల బేరసారాలు. జాన్‌వ్రిన్ తర్వాత వచ్చిన క్రిస్టఫర్ గైట్ లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాల మధ్య తిరుగుతూ సమాచారం పోగుచేశారు, రాణి విండ్సర్‌లో ఉండిపోయారు. లెక్క తేలి, లేబర్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ మే 11న రాజీనామా ఇచ్చాకే కన్సర్వేటివ్ నాయకుడు కామెరన్‌కు పిలుపు. రాణి ఎవరినీ ఎంచుకోలేదు. ఎంచుకోవాల్సిన అవసరం రాకుండా చూశారు, తేడా అదే.

రాయబారులే ఎందుకు?

పాతకాలంలో ఈ కుర్చీలు ఒకే బాపతు కుటుంబాలవి. ఫెలోస్ తండ్రి సాండ్రింగ్‌హామ్‌లో రాచ ఎస్టేట్ చూసుకున్న మనిషి. ఆయనతో పోలిస్తే జాన్‌వ్రిన్ బయటివాడు, పరీక్షలు పాసై మెట్లెక్కి వచ్చినవాడు. అయినా మార్ల్‌బరో, ఆక్స్‌ఫర్డ్, అడ్మిరల్ కొడుకు. "బయట" అంటే అక్కడ పక్క వీధి అన్నంత దూరం.

ఆ తర్వాత ఈ దారి బాగా నలిగింది. చార్లెస్‌కు 1990ల్లో ప్రైవేట్ సెక్రటరీగా ఉన్న స్టీఫెన్ లాంపోర్ట్ విదేశాంగ శాఖ మనిషే. చార్లెస్ రాజయ్యాక ఆయన పేషీని చూసిన క్లైవ్ ఆల్డర్టన్ మొరాకోలో రాయబారిగా పనిచేసి వచ్చినవారు. అమెరికాలో రాయబారిగా చేసిన డేవిడ్ మానింగ్ విలియం, హ్యారీలకు సలహాదారుగా ఉన్నారు. దీన్ని మెచ్చుకునేవాళ్ళు నోరు అదుపులో ఉంచుకునే శిక్షణ, పార్టీలకు అతీతంగా ఉండే అలవాటు చూపిస్తారు. తప్పుపట్టేవాళ్ళు ఇంకోటి అడుగుతారు: ప్రభుత్వ శాఖలో పెరిగిన మనిషి ప్రభుత్వం తప్పు చేస్తుంటే హెచ్చరించమని రాజుకు గట్టిగా చెప్పగలడా? 2019లో బోరిస్ జాన్సన్ పార్లమెంటును అయిదు వారాలు మూయించినప్పుడు రాణి సలహా ప్రకారమే సంతకం పెట్టారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు ఆ సలహాయే చట్టవిరుద్ధమని కొట్టేసింది. అప్పుడు కుర్చీలో ఉన్న ఎడ్వర్డ్ యంగ్ బ్యాంకింగ్, టీవీ రంగాల నుంచి వచ్చినవారు, దౌత్యవేత్త కాదు. కాబట్టి లోపం మనిషి పూర్వాశ్రమంలో ఉందా, సూత్రంలోనే ఉందా అంటే నేను సూత్రం వైపే చూస్తాను.

తాళం వేసిన బీరువా

బ్రిటన్‌లోనూ సమాచార హక్కు చట్టం ఉంది. రాజుతో, వారసుడితో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం దాని పరిధిలోకి రావు. ఒకప్పుడు ప్రజాప్రయోజనం తూకం వేసి ఇచ్చే వీలుండేది, 2010లో చేసిన సవరణతో ఆ కిటికీ కూడా మూసేశారు. రాజు తటస్థంగా కనిపించాలంటే లోపలి మాట లోపలే ఉండాలన్నది సమర్థన. కనిపించని సలహాకు ఎవరు జవాబుదారీ అన్నది విమర్శ. మూడో జార్జి కాలంలో టేలర్‌ను చూసి గొణిగినవాళ్ళ ప్రశ్నే ఇది.

జాన్‌వ్రిన్ 2007లో దిగిపోయారు. లార్డ్ బిరుదు వచ్చింది, పార్లమెంటు ఎగువ సభలో ఏ పార్టీకీ చెందని బెంచీల మీద కూర్చున్నారు, గూఢచార సంస్థల పనిని చూసే పార్లమెంటరీ కమిటీలోనూ ఉన్నారు. ప్యాలెస్ ఆయనకు పర్మనెంట్ లార్డ్-ఇన్-వెయిటింగ్ అనే గౌరవ పదవి ఇచ్చింది. ఆ పదవిలో ఉన్నవాళ్ళు ఏం చేస్తారంటే, విదేశీ అధినేతలు లండన్‌లో విమానం దిగినప్పుడు సింహాసనం తరఫున వెళ్ళి స్వాగతం చెబుతారు. ఢిల్లీలో ఫస్ట్ సెక్రటరీగా ఉన్నప్పుడు చేసిన పని కూడా దాదాపు అదే.